చెరువు నిండా నత్తలు కనిపిస్తే గేదెలకు జలగ మందు ఎప్పుడు తాగించాలి?

ఆగస్టులో చెరువు అంచునిండా నత్తలే ఉన్నాయి, గేదెలకు కార్జపు జలగ (కార్జంలో చేరే చదును పురుగు, లివర్ ఫ్లూక్; రక్తం పీల్చే మామూలు జలగ కాదు) పట్టేస్తుందేమో అని మీ టెన్షన్. ఎమ్మెస్సీ జువాలజీలో మా ఊరి చెరువు నత్తల మీదే నేను ప్రాజెక్టు చేశాను, ఇంట్లో గేదెలూ ఉన్నాయి. నత్తలు ఎక్కువగా ఉండే నెల, జలగ ఎక్కువగా అంటుకునే నెల ఒకటి కాదండీ.

నత్త పుట్టేటప్పుడు దానిలో జలగ ఉండదు. జలగ పట్టిన గేదె పేడ నీళ్లలో కలిస్తే, అందులోని గుడ్లు రెండు మూడు వారాలకు పగులుతాయి, బయటికొచ్చిన పిల్ల ఒక రోజు లోపు సరైన నత్తను పట్టుకోవాలి, లేకపోతే చచ్చిపోతుంది. దొరికిందంటే మాత్రం నత్త లోపల నెలన్నర, రెండు నెలలు పెరిగి ఒక్కటి కాస్తా వందలవుతుంది. అందుకే తొలకరి తర్వాత మేము పట్టిన చిన్న నత్తలు దాదాపు అన్నీ శుభ్రంగానే ఉండేవి. దసరా దాటాక నత్తలు తగ్గేవి కానీ, మిగిలిన పెద్దవాటిని గ్లాసుల్లో విడివిడిగా వేసి భూతద్దంతో చూస్తే నీళ్లలో తోకకప్పల్లా పిల్లలు ఈదుతుండేవి. మీరు చూడాలనుకుంటే ఆ నీళ్లు చేతికి తగలనీయకండి, కొన్ని రకాలు చర్మంలోకి దూరి దురద పెడతాయి.

అన్ని నత్తలూ ఒకటి కాదు. కార్జపు జలగను మోసేది పల్చటి పెంకుతో కొనదేలి ఉండే లిమ్నియా. చదునుగా చుట్టుకుని ఉండే ఇండోప్లానార్బిస్ పొట్ట జలగలను మోస్తుంది. మూత ఉండే పెద్ద నత్తగుల్ల, కూర వండుకునేది, ఈ లెక్కలోకి రాదు.

అసలు ప్రమాదం కార్తీకం నుంచి మొదలవుతుంది. నత్త నుంచి బయటికొచ్చిన పిల్లలు నీటి అంచు గడ్డికి అంటుకుని గట్టి పొరలో ఉండిపోతాయి. నీళ్లు వెనక్కి పోయేకొద్దీ ఆ గడ్డి బయటపడుతుంది, మెట్ట మీద గడ్డి అప్పటికే ఎండిపోతుంది కాబట్టి గేదెలు సరిగ్గా అక్కడికే వెళ్తాయి. ఎండాకాలంలో చెరువు పూర్తిగా ఎండితే కొంత తెరిపి, ఏడాదంతా తడి ఉండే కాలువ గట్ల దగ్గర అదీ ఉండదు.

కాబట్టి ఒక డోసు తొలకరికి, అంటే గుడ్లు కొత్త నత్తలకు చేరకముందే పడాలి. మీరు అప్పుడు ఇవ్వకపోతే ఇప్పుడే పేడ పరీక్ష చేయించి తాగించండి. రెండోది సంక్రాంతి ప్రాంతంలో. మందుల్లో ఆక్సిక్లోజనైడ్ ప్రధానంగా ఎదిగిన జలగల మీదే పనిచేస్తుంది, ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగలనూ చంపుతుంది. చూడి, పాడి గేదెలకు ఏది ఇవ్వాలో, ఎన్ని రోజులు పాలు వాడకూడదో డాక్టరుగారిని అడిగాకే ఇవ్వండి. ఇంకో మాట, జలగ పట్టిన మూడు నాలుగు నెలల దాకా పేడలో గుడ్లు కనిపించవు, అందుకని డిసెంబరులో పరీక్షలో ఏమీ లేదన్నారని ధీమాగా ఉండకండి.

గొర్రెలు కూడా ఉంటే చెరువు అంచుకు అసలు తోలొద్దు. గేదె పాలు తగ్గించి, చిక్కిపోయి, దవడ కింద నీరు దిగి మనకు తెలియజేస్తుంది, గొర్రె ఏ లక్షణమూ కనిపించకుండానే పడిపోవచ్చు.