దుబాయ్ లైటు కొనేముందు ఒక్క మాట, నానీ

నానీ,

మీ టొయోటా ఆల్టిస్ కారుకి పగిలిన కుడి హెడ్‌లైటు నువ్వే మార్చుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమేసింది. టార్చిలైటు కనబడితే విప్పి పడేసేదాకా నిద్రపోని పిల్లాడివి, ఇవాళ బంపర్ విప్పడానికి సిద్ధమయ్యావు. ఆ వెంటనే, "బావ దుబాయ్‌లో సెకండ్‌హ్యాండ్‌ది చవగ్గా చూశాడట, పెట్టెలో పెట్టుకొస్తాడట" అంది. అది వినగానే గుండె ఝల్లుమంది. బావని ఇంకా డబ్బు కట్టొద్దను. కింద రాసింది చదివాక మాట్లాడుకుందాం.

తేలికవి ముందు. బండి తయారైన నెల, సంవత్సరం ఆర్సీలో చూసుకో. 2014లో వచ్చిన ఆల్టిస్ వేరు, 2017లో ముఖం మార్చి వదిలింది వేరు. ఒకదాని లైటు ఇంకోదానికి కూర్చోదు. కుడి, ఎడమ అనేవి డ్రైవరు సీట్లో కూర్చుని చెప్పే మాటలు. బండికి ఎదురుగా నిలబడి చెప్పావంటే రెండోవైపుది చేతిలో పెడతారు.

పార్టు నంబరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. టొయోటాలో 81110 అంటే కుడి లైటు పూర్తి సెట్టు, 81150 అంటే ఎడమది. బల్బులూ హోల్డర్లూ లేని ఉత్త డొక్కయితే 81130, 81170. ఇవి పార్టు ఏమిటో చెబుతాయంతే. నంబరులో ఈ ఐదంకెల తర్వాత ఒక గీత, ఆపైన ఇంకో ఐదు అంకెలో అక్షరాలో ఉంటాయి. ఏ మోడల్‌ది, ఏ రకందన్నది ఆ రెండో ఐదింటిలో ఉంటుంది. ముందు ఐదూ కలిశాయి కదా అని కొనేయకు. నీ పగిలిన లైటు వెనక స్టిక్కరు తుడిచి ఫోటో తీసుకో, మొత్తం పది కలవాలి.

ఇక నా భయమంతా దేనిగురించో చెప్తాను. ఇది పాత పొరపాటు, పని తెలిసినవాళ్లు కూడా చేస్తుంటారు. దుబాయ్ లైటు చక్కగా కూర్చోవచ్చు. బోల్టులన్నీ పడతాయి, ప్లగ్గు క్లిక్‌మంటుంది, స్విచ్చేస్తే వెలుగుతుంది. తప్పు బయటపడేది రాత్రి రోడ్డు మీద, అదీ ఎదుటివాడికి.

డిమ్ లైటు గోడ మీద వేసి పైఅంచు చూడు. మన బండిది కుడివైపు సమంగా, కిందికి ఉంటుంది. మధ్య నుంచి ఎడమకి సుమారు 15 డిగ్రీలు పైకి లేస్తుంది. ఎదురొచ్చేవాళ్ల కళ్లు కుడివైపు ఉంటాయి కాబట్టి అక్కడ అణిచారు. నడిచేవాళ్లూ సైకిళ్లూ బోర్డులూ ఎడమ అంచున కనబడాలి కాబట్టి అక్కడ లేపారు. దుబాయ్‌లో బండ్లు రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి, అక్కడి లైటులో ఇదంతా తిరగబడి ఉంటుంది. అది మన బండికి బిగిస్తే లేచిన వెలుగు నేరుగా ఎదురొచ్చే బైకువాడి కళ్లలో కొడుతుంది, నీ ఎడమ అంచేమో చీకటైపోతుంది. కోదాడ దాటి హైవే దిగాక మన సింగిల్ రోడ్డు ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? ఎడమవైపు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, పైన నల్లపట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. ఆ రాళ్లు కనబడాల్సింది ఆ లేచిన వెలుగులోనే.

స్క్రూ తిప్పి కిందికి దించితే సరిపోతుందని ఎవరైనా అంటే వినకు. అది కళ్ల నుంచి దిగేసరికి మిగతా వెలుగంతా బండి ముందే నేల మీద పడిపోతుంది. బల్బు మార్చినా లాభం లేదు. వెలుగు ఆకారం బల్బు వెనక మెరిసే గిన్నె, అదే రిఫ్లెక్టరు, దాని వంపులోనో, గుండ్రటి గాజు బుడగలాంటి ప్రొజెక్టరు ఉంటే దాని లోపలి రేకులోనో ఉంది. ఒక్క లైటేగా, సర్దుకుపోదాం అని మాత్రం అనొద్దురా. ఎదుటివాడి కళ్లు చెదరడానికి ఒక్కటి చాలు.

కనిపెట్టడం కష్టం కాదు. లైటు ముందద్దం మీద గుండ్రంలో E అనే ఇంగ్లీషు అక్షరం, పక్కన అంకె ఉంటే, అక్కడే బాణం కోసం వెతుకు. లైటుకి ఎదురుగా నిలబడి చూస్తే బాణం నీ కుడికి చూపించాలి. అది ఎడమపక్కన నడిపే దేశాలది, అంటే మనది. బాణమే లేకపోతే దుబాయ్ తరహాది. DOT అని ఇంగ్లీషులో మాత్రమే ఉంటే అమెరికా రోడ్లకి చేసింది, అదీ వద్దు.

నన్నడిగితే విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లు. మన దేశంలో తిరిగిన బండిది దొరికితే ఈ బెడద ఉండదు. నీ పాత లైటు చేత్తో పట్టుకెళ్లి, రెండూ బల్లమీద పక్కపక్కన బోర్లించి ప్లగ్గులో పిన్నులు లెక్కపెట్టు. బిగించే చెవులు ఒక్కొక్కటీ వేలితో వంచి చూడు. అతికించిన చెవి దగ్గర ప్లాస్టిక్ గరుకుగా, రంగు తేడాగా ఉంటుంది. అది గతుకుల్లో ఊడితే వెలుగు ఊగుతుంది. ఎత్తు సరిచేసే స్క్రూ తిప్పుతూ అద్దంలోంచి చూడు. రిఫ్లెక్టరు కదలకపోతే లోపల పళ్లు అరిగాయని అర్థం, తీసుకోకు. రిఫ్లెక్టరు మీద బల్బు పైన గోధుమరంగు మచ్చ ఉంటే ఎవరో ఎక్కువ వాట్ల బల్బు వేసి కాల్చి ఉంటారు. వెనక రబ్బరు మూత లేకపోతే వానాకాలంలో లోపల నీళ్లే. అద్దం పైన పసుపు పట్టడం మాత్రం పెద్ద లోపం కాదు, పాలిష్‌తో పోతుంది. చివరగా షాపు బ్యాటరీ పెట్టించి, డిమ్ వెలిగించి గోడ మీద చూశాకే డబ్బివ్వు.

బిగించాక టైర్లలో గాలి సరిచూసి, లోపల్నుంచి లైట్ల ఎత్తు మార్చే లెవలింగ్ స్విచ్ సున్నా మీద పెట్టి, డ్రైవరు సీట్లో మనిషిని కూర్చోబెట్టు. సమంగా ఉన్న నేల మీద గోడకి 10 మీటర్ల దూరంలో, వెలుగు సమంగా ఉన్న వైపు పైఅంచు లైటు మధ్య ఎత్తుకంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. బోల్టులు బిగించేటప్పుడు తొందరపడి చేతులు కోసుకోకు, బంపర్ క్లిప్పుల అంచులు పదునుగా ఉంటాయి.

బావ చూసిన లైటు అద్దానిదీ స్టిక్కరుదీ ఫోటోలు తీసి పంపమను, నేనూ చూస్తాను.

మీ మావయ్య