ఎక్స్‌రేలో ఏం లేదన్నారు, నొప్పి మాత్రం పోవట్లేదు

ప్రశ్న: డాక్టర్‌గారూ, మూడు వారాల కింద మెట్ల మీద జారి కుడిచెయ్యి నేలకి ఆనించేశాను. ఆరోజే ఎక్స్‌రే తీసి విరగలేదు, బెణికిందంతే అన్నారు. వాపు తగ్గింది గానీ బొటనవేలి మొదట్లో నొప్పి అలాగే ఉంది, సీసా మూత తిప్పాలన్నా చెయ్యి ఊతం పెట్టి లేవాలన్నా ప్రాణం పోతోంది. బెణుకు ఇన్నాళ్ళు ఉంటుందా?

జవాబు: ఇది బెణుకే అనుకుని వదిలెయ్యకమ్మా. ముందు ఒక పని చెయ్యి, బొటనవేలు బాగా వెనక్కి చాపితే మణికట్టు దగ్గర రెండు నరాల్లాంటివి తేలి (అవి నరాలు కాదు, కండని ఎముకకి కలిపే స్నాయువులు) మధ్యలో చిన్న గుంట పడుతుంది, అక్కడ నొక్కి చూడు, తర్వాత ఎడమచెయ్యి కూడా అలాగే నొక్కి చూడు. కుడివైపే కలుక్కుమంటే స్కాఫాయిడ్ అనే ఎముక విరిగిందేమోనని అనుమానించాల్సిందే.

మణికట్టులో ఉండేది ఒక్క ఎముక కాదు, గులకరాళ్ళలాంటివి 8 ఉంటాయి, నాలుగేసి రెండు వరసలు. ఈ స్కాఫాయిడ్ బొటనవేలి వైపు రెండు వరసలకీ వంతెనలా ఉంటుంది కాబట్టి అరచెయ్యి ఆనించి పడితే ఆ బరువుకి ఈ ఎనిమిదింటిలో ఎక్కువగా విరిగేది ఇదే. విరిగిన ముక్కలు పక్కకి జరక్కపోతే మొదటిరోజు ఎక్స్‌రేలో గీత కనపడకపోవచ్చు, అది చూసినవాళ్ళ తప్పని కూడా అనలేం. 10 నుంచి 14 రోజులు పోయాక విరిగిన అంచులు కొంచెం కరిగి అప్పుడు గీత తేలుతుంది, అందుకే రెండోసారి తీయించమంటాం. ఎమ్మారైలో అయితే ముందే తెలుస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఈ ఎముకకి రక్తం చాలావరకు వేళ్ళవైపు నుంచి వెనక్కి వస్తుంది, ఎముక నడిమి భాగం దగ్గర విరిగితే ముంజేతి వైపు ముక్కకి రక్తం సరిగ్గా అందకపోవచ్చు, అలా వదిలేస్తే అది అతుక్కోక చచ్చుబడి కొన్నేళ్ళకి మణికట్టు కీలే అరిగిపోవచ్చు. చిన్న వయసువాళ్ళు ఎప్పుడో పడ్డానండీ అంటూ అరిగిన చేత్తో వస్తే నిజంగా బాధేస్తుంది, టైముకి పిండికట్టు వేస్తే చాలామందికి ఆపరేషన్ లేకుండానే అతుక్కునేది. కట్టు మాత్రం రెండు మూడు నెలలు ఉంచాల్సి రావచ్చు, ఓపిక పట్టాలి. ముక్కలు జరిగితే స్క్రూ వేస్తారు. ఈ వారంలోనే ఎముకల డాక్టరుకి చూపించు, అప్పటిదాకా ఆ చేత్తో బరువులెత్తకు.

ప్రశ్న: మోచెయ్యి దేనికైనా తగిలితే కరెంటు షాక్ కొట్టినట్టు చిటికెనవేలి దాకా జిల్లుమంటుంది. ఎముకకి ఏమన్నా అవుతుందా సార్?

జవాబు: ఎముకకి ఏం కాదు బాబూ. జబ్బ ఎముక కింది చివర లోపలివైపు ఒక బొడిపె ఉంటుంది, దాని వెనక నుంచి అల్నార్ అనే నరం పోతుంది, అక్కడ దానికి అడ్డంగా కండ లేదు కాబట్టి దెబ్బ నేరుగా నరానికే తగులుతుంది. చిటికెనవేలికీ ఉంగరపువేలిలో సగానికీ స్పర్శ ఇచ్చేది అదే. తగిలినప్పుడు జిల్లుమని పోతే పర్వాలేదు, ఏమీ తగలకుండానే ఆ వేళ్ళు తిమ్మిరెక్కుతున్నా పట్టు తగ్గుతున్నా అప్పుడు చూపించుకో.