టెక్ సందేహాలు: రెండు లక్షల్లో ఫుల్ సస్పెన్షన్ సైకిల్, ఎక్కడ రాజీ పడొచ్చు, ఎక్కడ పడకూడదు

ప్రశ్న: మాది విశాఖ మధురవాడ. వారంలో రెండు మూడు రోజులు బీచ్ రోడ్డు మీదుగా ఆఫీసుకి, ఆదివారాలు కొండ దారుల్లోకి వెళ్లేందుకు ఒకే సైకిల్ కావాలి. ముందూ వెనకా సస్పెన్షన్ ఉండే ఫుల్ సస్పెన్షన్ ఎంటీబీ (మౌంటెన్ బైక్) తీసుకుందామనుకుంటున్నాను. బడ్జెట్ రెండు లక్షలు. ఎత్తు 172 సెం.మీ., బరువు 74 కిలోలు. ఒక షాపులో 100 మి.మీ. ట్రావెల్ చాలన్నారు, ఇంకో షాపులో 160 ఉండాలన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ వాడకానికి ఆ రెండూ కుదరవండి. ట్రావెల్ అంటే సస్పెన్షన్ మీద చక్రం పైకీ కిందకీ కదిలే దూరం. వెనక 120 నుంచి 130, ముందు 130 నుంచి 140 మి.మీ. ఉన్న 29 అంగుళాల ట్రెయిల్ (కొండ దారుల) సైకిల్ చూడండి. 100 మి.మీ. సైకిళ్లు క్రాస్ కంట్రీ రేసుల కోసం చేసినవి. రోడ్డు మీద చురుగ్గా పోతాయి గానీ, రాళ్లూ ఎర్ర గ్రావెలూ కలిసిన దిగుడులో హ్యాండిల్ తత్తరపడుతుంది. 160 మి.మీ. ఎండ్యూరో సైకిల్ ఆ దిగుడులో బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ దాని బరువైన టైర్లతో రుషికొండ నుంచి ఆర్కే బీచ్ దాకా రోజూ తొక్కాలంటే కాళ్లు లాగేస్తాయి.

ఈ ధరలో ఏ కంపెనీ అయినా ఎక్కడో ఒక చోట కోత పెట్టక తప్పదు. ఆ కోత తర్వాత మార్చుకోగలిగే చోట పడిందా, మార్చుకోలేని చోట పడిందా అన్నదే మీరు చూడాల్సింది. టైర్లు, చైను, బ్రేకు ప్యాడ్లు, గేర్లు ఎలాగూ అరుగుతాయి, ఎలాగూ మారుస్తాం. ఫ్రేము కోణాలు, ఇరుసుల కొలతలు మాత్రం సైకిల్ ఉన్నన్నాళ్లూ అవే. అందుకే గేర్ల మీద పేరు చదవడం కంటే ముందు ఫ్రేము చూడండి.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు దూరే గొట్టం పైన సన్నగా, కింద లావుగా ఉండాలి. దాన్ని టేపర్డ్ హెడ్‌ట్యూబ్ అంటారు. ఇప్పుడొచ్చే మంచి ఫోర్కులన్నీ దానికే సరిపోతాయి. ఇరుసులు త్రూ యాక్సిల్ రకం (ఫ్రేములోంచి దూర్చి మరలా బిగించేవి) కావాలి: వెనక 148 × 12, ముందు 110 × 15 మి.మీ. వీటినే బూస్ట్ అంటారు. వెనక ఇంకా 135 మి.మీ. క్విక్ రిలీజ్ ఇరుసే ఉంటే, షాపువాళ్లు ఎంత తగ్గించినా ఆ సైకిల్ వద్దు. రేపు చక్రం పాడైతే దానికి సరిపడే మంచి చక్రం దొరకడం కష్టం. చైనుని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే డెరైలర్‌ను పట్టుకునే చిన్న హ్యాంగర్ యూడీహెచ్ (యూనివర్సల్ డెరైలర్ హ్యాంగర్) రకమేనా అని అడగండి. పడినప్పుడు మొదట వంగేది ఆ ముక్కే, అలా వంగడానికే దాన్ని పెట్టారు. 2019లో విడిభాగాల కంపెనీ శ్రామ్ తెచ్చిన ఈ యూడీహెచ్‌ను చాలా కంపెనీలు తీసుకున్నాయి కాబట్టి విడిగా దొరకడం తేలిక. కంపెనీ సొంత హ్యాంగరైతే కొన్న రోజే ఒకటి అదనంగా తీసుకుని సీటు కింద సంచిలో పడేయండి.

కోణాలు కంపెనీ వెబ్‌సైట్‌లో జామెట్రీ పట్టికలో ఉంటాయి. మీకు హెడ్ యాంగిల్ (ఫోర్కు గొట్టం వాలు) 65.5 నుంచి 66.5 డిగ్రీలు, సీటు యాంగిల్ (సీటు గొట్టం వాలు) 75 లేదా అంతకంటే ఎక్కువ సరిపోతాయి. సీటు యాంగిల్ 73 దగ్గర ఉంటే ఎక్కుడులో మీ బరువు వెనక చక్రం మీదకి జారి, ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. సింహాచలం కొండెక్కేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. మీ ఎత్తుకి మీడియం సైజు, రీచ్ (పెడళ్ల ఇరుసు నుంచి ముందు గొట్టం పైభాగం దాకా అడ్డంగా ఉండే దూరం) 440 నుంచి 455 మి.మీ. మధ్య ఉంటే బాగుంటుంది. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే సీటు గొట్టం పొట్టిగా ఉన్నది తీసుకోండి. అప్పుడే 150 మి.మీ. డ్రాపర్ పోస్టు పడుతుంది. సైకిల్‌తో పాటు డ్రాపర్ రాకపోయినా, దాని కేబుల్ లోపలి నుంచి వెళ్లే దారి ఫ్రేములో ఉండాలి. దిగుడులో మీట నొక్కితే సీటు కిందకి దిగిపోయే ఈ సౌకర్యం, ఖరీదైన గేర్ల కన్నా మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

తర్వాత షాక్ (వెనక సస్పెన్షన్), ఫోర్కు (ముందుది). రెండూ గాలివే అయ్యుండాలి. స్ప్రింగుదైతే మీ బరువుకి తగ్గట్టు మార్చాలంటే స్ప్రింగే మార్చాలి. గాలిదైతే పంపుతో పని అయిపోతుంది. వెనక షాక్‌కి రీబౌండ్ (నొక్కుకున్న షాక్ తిరిగి లేచే వేగం) సర్దుకునే గుండీ తప్పనిసరి. ఆఫీసు దారి కోసం షాక్ ఊగకుండా ఆపే లాకౌట్ మీట కూడా ఉంటే మేలు. ఫోర్కు కాళ్ల మందం చూడండి: రాక్‌షాక్స్ జూడీ 30 మి.మీ., రీకాన్ 32, మార్జోకీ బాంబర్ జీ2 34, సన్‌టూర్ జెరాన్ 35. మీరు అనుకునే దారులకి 32కి తగ్గొద్దు, 34 లేదా 35 దొరికితే వదలొద్దు. సన్న కాళ్ల ఫోర్కు బ్రేకు వేసినప్పుడు వెనక్కి వంగుతుంది, రాయి తగిలితే చక్రం పక్కకి పోతుంది.

షాపులో తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ షాక్‌కి సీల్ కిట్ దొరుకుతుందా, సర్వీసు ఇక్కడే చేస్తారా, బయటికి పంపాలా, పంపితే ఎన్నాళ్లు? రాక్‌షాక్స్ కంపెనీ వెనక షాక్‌కి ఎయిర్ క్యాన్ (గాలి గది) సర్వీసు 50 గంటలకి ఒకసారి చేయమంటుంది. ఫాక్స్ 125 గంటలకి లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు. ఈ ప్రశ్నకి సూటిగా సమాధానం చెప్పలేని చోట ఎంత మంచి సైకిల్ ఉన్నా, మీ డబ్బుకి అది సురక్షితం కాదు.

పివట్లు (ఫ్రేము వెనక భాగం కదిలే కీళ్లు) ఎన్నున్నాయో కూడా లెక్కపెట్టండి. జెయింట్ స్టాన్స్‌లో ముందు 130, వెనక 120 మి.మీ. ట్రావెల్ ఉంటుంది. వెనక చక్రం దగ్గర పివట్ పెట్టకుండా, అక్కడి గొట్టాలే కాస్త వంగేలా చేశారు. దిగుడులో బ్రేకు వేసినప్పుడు అక్కడ కూడా పివట్ ఉండే నాలుగు పివట్ల హార్స్ట్ లింక్ డిజైన్ కొంచెం మెత్తగా ఉంటుంది, నిజమే. కానీ ఉప్పుగాలి కొట్టే ఊళ్లో తక్కువ బేరింగులు ఉండటం చిన్న లాభం కాదు.

గేర్లకి వస్తే, ముందు ఒక్క పళ్లచక్రం, వెనక 11 లేదా 12 ఉన్న సెట్ చాలు. షిమానో వాళ్ల డియోర్ 12 స్పీడ్ సెట్‌లో వెనక 10 నుంచి 51 పళ్లు. ముందు 30 పళ్లు పెడితే నిమిషానికి 60 సార్లు తొక్కినా గంటకి 5 కి.మీ. దగ్గర నింపాదిగా కొండెక్కొచ్చు. ముందు 32 ఉంటే బీచ్ రోడ్డు మీద నిమిషానికి 90 తొక్కుళ్లతో 40 కి.మీ. దాకా అందుకుంటారు. ఈ 10 పళ్ల గేరుకి వెనక చక్రంలో మైక్రోస్ప్లైన్ రకం హబ్ కావాలి. 2023లో షిమానో తెచ్చిన క్యూస్ 11 స్పీడ్ సెట్ (11 నుంచి 50 పళ్లు) మామూలు హబ్ మీదే కూర్చుంటుంది, పళ్లు మందంగా ఉంటాయి, అరుగుదల తక్కువ. రోజూ వాడే సైకిల్‌కి క్యూస్‌నే ఇష్టపడతాను. రెండింటి భాగాలూ కలిపి వాడటం మాత్రం కుదరదు.

బ్రేకులు హైడ్రాలిక్ డిస్కులే. ముందు రోటర్ (బ్రేకు డిస్కు) 180 మి.మీ. ఉండాలి. రోటర్ మీద ‘రెసిన్ ప్యాడ్ ఓన్లీ’ అని చెక్కి ఉంటే వాటికి మెటల్ ప్యాడ్లు వేయకూడదు, అవి రోటర్‌ని త్వరగా తినేస్తాయి. అనంతగిరి ఘాట్ లాంటి పొడవాటి దిగుడులో రెసిన్ ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతాయి. ఆ దారికి వెళ్లే ముందు రోటర్లూ ప్యాడ్లూ కలిపి మార్చుకోండి. షిమానో, టెక్ట్రో బ్రేకుల్లో మినరల్ ఆయిల్ పోస్తారు. శ్రామ్ చాలా మోడళ్లలో డాట్ ఫ్లూయిడ్. ఒకదానిలో ఇంకొకటి పోస్తే లోపలి సీళ్లు ఉబ్బి బ్రేకు పనికిరాకుండా పోతుంది.

టైర్లు ట్యూబ్‌లెస్ చేయించండి. సర్కారు తుమ్మ ముళ్లకి ట్యూబులు ఆగవు. 29 × 2.4 టైరుకి 100 నుంచి 120 మి.లీ. సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) పోయాలి. మన వేడికి రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, మళ్లీ పోయాలి. మీ బరువుకి కొండ మీద ముందు 22, వెనక 25 పీఎస్ఐతో మొదలుపెట్టండి. ఆఫీసు రోజుల్లో 35 దాకా పెంచుకోవచ్చు.

మొత్తం రెండు లక్షలూ సైకిల్ మీదే పెట్టకండి. హెల్మెట్, షాక్ పంపు, పెడళ్లు (ఈ ధర సైకిళ్లు తరచుగా పెడళ్లు లేకుండానే వస్తాయి), సీలెంట్, టార్క్ రెంచికి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే రెంచి) కనీసం 15 వేలు పక్కన పెట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత స్టాకు మీద పాత ధర చీటీ ఉంటే తగ్గింపు అడిగి తీసుకోండి.

ఎక్కడ తొక్కాలో కూడా చెప్పాలి. కంబాలకొండ అభయారణ్యం అటవీశాఖది. అనుమతి ఉన్న దారి దాటి లోపలికి వెళ్లొద్దు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద చక్రం అసలు పెట్టొద్దు. టైరు గీసిన గాడిలో వాన నీళ్లు పారి దిబ్బ కోసుకుపోతుంది. వేల ఏళ్లలో ఏర్పడిన ఆ దిబ్బలు మళ్లీ రావు.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఆన్‌లైన్‌లో 28 వేలకి డ్యూయల్ సస్పెన్షన్ సైకిల్ చూపించి అదే కావాలంటున్నాడు. కొనొచ్చా? (ఎంవీపీ కాలనీ)

జవాబు: వద్దమ్మా. ఆ ధరలో వెనక ఉండేది ఉత్త స్ప్రింగు. దాని వేగాన్ని ఆపే నూనె డ్యాంపర్ ఉండదు. గతుకులో దిగాక అంతే జోరుగా పైకి తన్నుతుంది. పివట్లలో బేరింగుల బదులు ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి, కొన్ని నెలల్లో వెనక చక్రం పక్కలకి ఊగడం మొదలవుతుంది. బరువూ ఎక్కువే, కాబట్టి ఎక్కుడు వస్తే దిగి తోసుకోవాల్సిందే. అదే డబ్బుకి వెనక సస్పెన్షన్ లేని అల్యూమినియం హార్డ్‌టెయిల్, డిస్క్ బ్రేకులతో మంచిది వస్తుంది. బాబుని షాపుకి తీసుకెళ్లి రెండూ తొక్కి చూడనివ్వండి, తేడా తనకే తెలుస్తుంది.

ప్రశ్న: కొత్త ఫుల్ సస్పెన్షన్ సైకిల్ వచ్చింది. షాక్‌లో గాలి ఎంత కొట్టాలి? పంపు తీసేటప్పుడు ‘స్‌స్’ మని గాలి పోతోంది. (గాజువాక)

జవాబు: మీరు వినే ఆ చప్పుడు పంపు గొట్టంలో మిగిలిన గాలిది, షాక్‌ది కాదు. మళ్లీ పంపు బిగించి చూస్తే అంకె తగ్గి కనిపించేది కూడా గొట్టంలోకి కొంత గాలి వెళ్లడం వల్లే. కంగారుపడి ప్రతిసారీ కొట్టుకుంటూ పోకండి.

మామూలు సైకిల్ పంపు, పెట్రోల్ బంకులో గాలి రెండూ దీనికి పనికిరావు. 300 పీఎస్ఐ దాకా చూపించే షాక్ పంపు కావాలి. మొదటి అంచనాగా బట్టలు, హెల్మెట్, నీళ్ల సంచితో కలిపి మీ బరువుని పౌండ్లలోకి మార్చి అంత పీఎస్ఐ పెట్టండి. 78 కిలోలైతే 170 దగ్గర. ఒకేసారి కొట్టొద్దు. ప్రతి 50 పీఎస్ఐకి ఆగి, సీటు మీద పదిసార్లు గట్టిగా నొక్కండి. షాక్‌లో పైన ఒకటి, కింద ఒకటి రెండు గాలి గదులుంటాయి. నొక్కితేనే రెండింట్లో గాలి సమానమవుతుంది. నొక్కకపోతే మీరు పెట్టిన అంకె కాసేపటికి మారిపోతుంది.

తర్వాత శ్యాగ్, అంటే మీ బరువుకి సస్పెన్షన్ ఎంత కిందకి దిగుతోందో చూడాలి. షాక్ మీది రబ్బరు రింగుని సీల్ దాకా జరిపి, గోడ పట్టుకుని నెమ్మదిగా సైకిలెక్కి, తొక్కే భంగిమలో కూర్చుని, ఊపకుండా దిగండి. రింగు ఎంత జరిగిందో స్కేలుతో కొలవండి. షాక్ స్ట్రోక్ (షాక్ పూర్తిగా నొక్కుకునే దూరం) 50 మి.మీ. అయితే 30 శాతం, అంటే 15 మి.మీ. జరగాలి. ఎక్కువ జరిగితే గాలి పెంచండి, తక్కువైతే వదలండి. ఒక్కోసారి 5 పీఎస్ఐ చాలు. ముందు ఫోర్కుకి 20 శాతం: 140 మి.మీ. ఫోర్కుకి 28. ఇక్కడ కొలత పెడళ్ల మీద నిలబడి తీయాలి.

రీబౌండ్ కోసం, సీటు మీద కూర్చునే ఉండి ఫుట్‌పాత్ అంచు మీద నుంచి సైకిల్ దించి చూడండి. వెనక భాగం ఒక్కసారి లేచి కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగితే గుండీని తాబేలు బొమ్మ వైపు ఒక్కో క్లిక్ తిప్పండి.

ప్రశ్న: భీమిలి దాకా వెళ్లొస్తుంటాను. ఆరు నెలలకే వెనక నుంచి కిర్రు కిర్రుమంటోంది. వాటర్ సర్వీసింగ్ చేయించినా పోలేదు. (లాసన్స్ బే కాలనీ)

జవాబు: ఆ వాటర్ సర్వీసింగే సగం కారణం కావచ్చు. గన్ను నీళ్ల జోరు బేరింగు సీళ్లని దాటి లోపల గ్రీజుని కడిగేస్తుంది. మిగతా పని ఉప్పు చేస్తుంది. ఇకపై బీచ్ నుంచి రాగానే మగ్గుతో మంచినీళ్లు పోసి, గుడ్డతో తుడిచి, చైనుకి నూనె వేయండి. స్ప్రేలు డిస్కుల వైపు రాకుండా చూసుకోండి. ఒక్క చుక్క పడినా ప్యాడ్లు మార్చాల్సి వస్తుంది.

ఇప్పటి చప్పుడుకి ముందు సీటు పోస్టు తీసి, తుడిచి, గ్రీజు రాసి పెట్టండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. పోకపోతే వెనక చక్రం నేల మీదే ఉంచి, సీటు పట్టుకుని కొద్దిగా పైకెత్తండి. చేతికి ‘టక్’ మని తగిలితే షాక్ బుష్ గానీ పివట్ గానీ వదులైంది. పివట్ బోల్టు మీద రాసి ఉన్న న్యూటన్ మీటర్ల అంకెకే టార్క్ రెంచితో బిగించండి. ఎల్‌కీతో బలం కొద్దీ బిగిస్తే బేరింగు నలుగుతుంది. షాక్ విప్పేసి వెనక చక్రాన్ని చేత్తో పైకీ కిందకీ ఆడించినప్పుడు గరగరమంటే ఆ బేరింగులు అయిపోయినట్టే. వాటి రబ్బరు సీల్ మీద నంబరు ఉంటుంది. ఫ్రేము కంపెనీ నుంచే తెప్పించాల్సిన పని లేదు, ఆ నంబరు చెబితే బేరింగుల షాపులో దొరుకుతాయి. చివర్లో 2ఆర్ఎస్ అని ఉన్నవే, రెండు పక్కలా రబ్బరు సీలున్నవి, తీసుకోండి.

ప్రశ్న: దారి చూసుకోవడానికి ఫోన్‌ని హ్యాండిల్‌కి బిగించొచ్చా? (సీతమ్మధార)

జవాబు: రోడ్డు మీద కాసేపైతే ఫరవాలేదు, రాళ్ల దారిలో వద్దు. కెమెరా వణక్కుండా చేసే భాగం లోపల కదిలే లెన్సుతో పనిచేస్తుంది. శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజన్ల కంపనాలు దాన్ని పాడుచేయొచ్చని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. రాళ్ల మీద హ్యాండిల్‌కి తగిలే దెబ్బలూ తక్కువేం కాదు. పైగా పడితే ముందు నేలకి తగిలేది ఫోనే. మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో దించుకుని, రికార్డింగ్ పెట్టి ఫోన్ జేబులో వేసుకోండి. హ్యాండిల్ మీద తప్పదంటే చిన్న జీపీఎస్ సైకిల్ కంప్యూటర్ పెట్టుకోండి, బ్యాటరీ కూడా ఫోన్ కంటే ఎక్కువసేపు వస్తుంది.