రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకే బ్రేక్ ప్యాడ్లా? ఆ ఆశ వదులుకోండి

రోజూ ఆఫీసుకు వెళ్లే కారునే అప్పుడప్పుడు రేసింగ్ ట్రాక్ మీద కూడా తిప్పుతాం, రెండింటికీ పనికొచ్చే బ్రేక్ ప్యాడ్లు (చక్రంతో తిరిగే డిస్కును అదిమి కారును ఆపే పలకలు) చెప్పమని కొందరు అడుగుతున్నారు. అలాంటివి లేవు. ఉన్నాయని అమ్మేవాళ్లు మాత్రం బోలెడుమంది. రెండు సెట్లు కొనుక్కుని మార్చుకుంటూ ఉండండి. జవాబు ఇంతే. ఇక పైన రాసేదంతా నా గోడు.

నేనూ మీలాగే వెతికినవాణ్నే. కారుతో వచ్చిన ప్యాడ్లతో ట్రాక్ మీదికి వెళ్తే నాలుగో ల్యాప్‌కే చేతులెత్తేశాయి. పెడల్ రాయిలా గట్టిగా ఉంది, కారు మాత్రం ఆగనంటోంది. మలుపు తిరగలేక మట్టిలోకి పోయాను. ఆ భయంతో అసలుసిసలు ట్రాక్ ప్యాడ్లు బిగించాను. ట్రాక్ మీద అద్భుతం. అక్కడితో ఆగితే బాగుండేది. బద్ధకించి, వాటితోనే ఆఫీసుకు తిరగడం మొదలుపెట్టాను.

ఒక సోమవారం పొద్దున, రాత్రంతా వాన. ఇల్లు దాటి పట్టుమని రెండు నిమిషాలు కాలేదు. సిగ్నల్ పడింది. ముందు స్కూల్ వ్యాను ఆగి ఉంది, వెనక అద్దంలోంచి ఒక పిల్లాడు నాకేసి చెయ్యి ఊపుతున్నాడు. నా వేగం నలభై కూడా లేదు. రోజూ తొక్కినంతే తొక్కాను. బ్రేక్ పట్టలేదు. ఇంకాస్త తొక్కాను, కారు తాపీగా జారుతూనే ఉంది. చివరికి సీట్లోంచి లేచి బరువంతా పెడల్ మీద వేస్తే, గూడ్సు బండి ఆగినట్టు కీచుమని అరిచి ఆగింది. వ్యాను నంబర్ ప్లేటు నా బానెట్ అంచు కింద దాక్కుంది, అంత దగ్గర. పిల్లాడు ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. తిరిగి ఊపడానికి నాకు చెయ్యి లేవలేదు.

నిజానికి ప్యాడ్లలో లోపమేమీ లేదు. ట్రాక్ ప్యాడ్లు వేడెక్కితేనే పనిచేస్తాయి. చాలావాటికి నూట యాభై, రెండు వందల డిగ్రీలు దాటాకే అసలు పట్టు వస్తుంది. రోడ్డు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు కూడా పడతాయి కానీ, మూడు నాలుగు వందల డిగ్రీలు దాటితే వాటిలోని రెజిన్ (జిగురు) మాడి పట్టు జారిపోతుంది. 1200 కిలోల కారును 150 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గిస్తే పుట్టే వేడితో రెండున్నర లీటర్ల చన్నీళ్లు మరుగుతాయి. ట్రాక్ మీద ప్రతి పెద్ద మలుపు దగ్గరా అంత వేడిని కొన్ని సెకన్లలో బ్రేకులే మింగాలి. ఆఫీసు దారిలో ఆ అవసరం ఎక్కడిది?

ప్యాడ్ అంచున ఎఫ్ఎఫ్, జీజీ అని అక్షరాలుంటాయి చూడండి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడిలో పట్టు. ఎఫ్ అంటే ఘర్షణ గుణకం (పట్టును కొలిచే అంకె) 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. జీ ఉంటే చాలు, ట్రాక్‌కు పనికొస్తుందనుకుంటారు జనం. ఆరు వందల డిగ్రీల దగ్గర ఏమవుతుందో ఆ అక్షరాలు చెప్పవు. వేడిని బట్టి పట్టు ఎలా మారుతుందో చూపించే గ్రాఫ్ అడగండి. అది ఇవ్వని కంపెనీ ప్యాడ్లు నేనైతే ముట్టను.

ఇంకో బాధ. ప్యాడ్ల గురించి ఇంత ఆరా తీసేవాళ్లలో సగం మంది బ్రేక్ ఆయిల్ మార్చి ఏళ్లయి ఉంటుంది. ప్యాడ్లను డిస్కుకేసి నొక్కే క్యాలిపర్లకు ఎర్ర రంగు మాత్రం వేయిస్తారు! రంగుకీ బ్రేకుకీ ముడిపెట్టడం అంటే మోకాలికీ బోడిగుండుకీ పెట్టినట్టే. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. పెడల్ మెత్తబడి కిందికి పోతే మరిగింది ఆయిల్, తప్పు ప్యాడ్లది కాదు. ముందు అది మార్చండి.

"ట్రాక్‌కు వెళ్లొచ్చాక డిస్క్ వంకరపోయింది, స్టీరింగ్ వణుకుతోంది" అనేవాళ్లు కూడా తగులుతారు. చాలాసార్లు డిస్క్ నిక్షేపంలా ఉంటుంది. మండిపోతున్న బ్రేకుల మీద కాలు అలాగే అదిమిపెట్టి నిలబెడితే ప్యాడ్ పదార్థం ఒకేచోట అచ్చులా అంటుకుంటుంది. చివరి ల్యాప్ మెల్లగా తిప్పి చల్లార్చండి, హ్యాండ్‌బ్రేక్ జోలికి పోకండి. కొత్త ప్యాడ్లు వేశాక, వాటి పొర డిస్కు మీద సమంగా పరుచుకునేలా, ఖాళీ రోడ్డు చూసుకుని వేగం వంద నుంచి ఇరవైకి ఓ ఎనిమిది పది సార్లు తగ్గించండి, ఎక్కడా పూర్తిగా ఆపకుండా. వీలైతే రెండో సెట్ ప్యాడ్లకు వేరే డిస్కులు కూడా పెట్టుకోండి, ఒకదాని పొర మీద ఇంకోటి సరిగ్గా కూర్చోదు.

ఇప్పుడు నేను బ్రేకులు చల్లారగానే ట్రాక్ గేటు లోపలే జాకీ ఎత్తి రోడ్డు సెట్ వేసుకుంటాను. ముందు చక్రాలు రెండూ కలిపి నలభై నిమిషాల పని. ఇంటికెళ్లి మార్చుకోవచ్చుగా అని తోటివాళ్లు నవ్వుతారు. ఇంటికెళ్తే మార్చను. నా సంగతి నాకు తెలుసు.