ఎల్ఈడీ ఎందుకు మాడిపోతుందో ముందు రాయి, చెల్లీ

చెల్లీ,

ఎల్ఈడీ వెలిగించడం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తెలుగులో ఎలక్ట్రానిక్స్ ఇంత ఓపిగ్గా రాసేవాళ్లు తక్కువ, అందుకే చాలా సంతోషమేసింది. కానీ ఒక్క వాక్యం మార్చకుండా మాత్రం బయటికి వదలకు. "ఎల్ఈడీకి 220 ఓముల రెసిస్టర్ పెట్టాలి" అని రాశావే, కరెంటుని అడ్డుకునే ఆ చిన్న ముక్కకి ఒకే అంకె చెప్పావే, అది.

నీ బల్ల మీద అది నిజమే. నువ్వు వాడిన ఆర్డుయినో ఊనో అనే చిన్న సర్క్యూట్ బోర్డు 5 వోల్టులిస్తుంది, ఎర్ర ఎల్ఈడీ దాదాపు 2 తీసుకుంటుంది, మిగిలిన 3 వోల్టులకి 220 ఓములు అడ్డం ఉంటే కరెంటు 14 మిల్లీఆంపులు కూడా దాటదు. మామూలు 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీకి 20 వరకూ ఫర్వాలేదు. కానీ నీ వ్యాసం చదివిన పిల్లాడు బెంగళూరు మారతహళ్లి పీజీ గదిలో మూలన పడున్న పాత రౌటర్ అడాప్టర్ తీసుకుంటాడు, అది 12 వోల్టులది, నువ్వు చెప్పావు కదా అని అదే 220 పెడతాడు. ఇప్పుడు 45 మిల్లీఆంపులు. ఎల్ఈడీ కళ్లు చెదిరేలా వెలుగుతుంది, పావు వాట్ రెసిస్టర్ మీద దాదాపు అర వాట్ పడి చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది, ఎల్ఈడీ మసకబారి ఎంతోసేపు నిలవకుండా పోతుంది. వాడు నిన్నేమీ అనడు, ఇది నాకు వచ్చే పని కాదులే అనుకుని డబ్బా అటక మీద పడేస్తాడు. నాకు బాధ కలిగేది అక్కడే.

అందుకే అంకె కంటే ముందు కారణం రాయి. ఎల్ఈడీ వెలగడం మొదలయ్యాక వోల్టేజీ కాస్త పెరిగితే చాలు, కరెంటు ఎన్నో రెట్లు పెరిగిపోతుంది, దాంతో వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ అదే వోల్టేజీకి ఇంకా ఎక్కువ లాగుతుంది. దాన్ని పట్టి ఆపేది రెసిస్టరే. ఇది తెలిస్తే లెక్క వాళ్లే వేసుకుంటారు: సప్లై వోల్టేజీలోంచి ఎల్ఈడీ వోల్టేజీ తీసేసి, వచ్చినదాన్ని కావలసిన కరెంటుతో భాగించడం, అంతే. 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్ఈడీ, 15 మిల్లీఆంపులు అనుకుంటే 7ని 0.015తో భాగించాలి. 467 వస్తుంది, కొట్లో దొరికేది 470. నీలం, తెలుపు ఎల్ఈడీలు 3 వోల్టుల పైన తీసుకుంటాయని కూడా అక్కడే చెప్పు.

సీఆర్2032 బటన్ సెల్‌కి నేరుగా తగిలిస్తే మాడలేదే అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ సెల్ లోపలే నిరోధం ఉంది, అది ఎక్కువ కరెంటు ఇవ్వలేదు. అది చూసి 9 వోల్టుల బ్యాటరీకి కూడా నేరుగా తగిలించవద్దని గట్టిగా రాయి.

రెసిస్టర్ మీద దాని విలువ చెప్పే రంగు గీతల గురించి నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు, అక్కడ కాస్త ఆగాలి. ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్డులో కొనుక్కొచ్చిన రెసిస్టర్లు ఇంటికొచ్చేసరికి ఒకే కవర్లో కలిసిపోయి ఉంటాయి. ఎరుపు, ఎరుపు, గోధుమ అయితే 220. ఎరుపు, ఎరుపు, నలుపు అయితే 22. రాత్రి ట్యూబ్‌లైట్ కింద గోధుమకీ నలుపుకీ తేడా తెలియదు, 22 పెడితే ఆ 5 వోల్టులకే ఎల్ఈడీ పోతుంది. పైగా నీలం రంగు రెసిస్టర్ల మీద ఎక్కువగా ఐదు గీతలుంటాయి, వాటిలో 220 అంటే ఎరుపు, ఎరుపు, నలుపు, నలుపు, చివర విలువ ఎంత అటూఇటూ ఉండొచ్చో చెప్పే టాలరెన్స్ గీత. కొత్తవాళ్లు మొదటి మూడే చూసి 22 అనుకుంటారు. మల్టీమీటర్ పెట్టి కొలిచాకే చిల్లుల పలక బ్రెడ్‌బోర్డ్‌లో గుచ్చమను.

మూడు ఎల్ఈడీలు పక్కపక్కన పెట్టి, ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట కలిపి ఒకే రెసిస్టర్ వేసిన బొమ్మ తీసేయ్. ఒకే ప్యాకెట్‌లోవైనా వాటి వోల్టేజీలు కచ్చితంగా ఒకటిగా ఉండవు, తక్కువ వోల్టేజీది ఎక్కువ కరెంటు లాగేసుకుంటుంది. దేనికి దానికి రెసిస్టర్ ఉండాలి.

తిరగేసి పెడితే వెలగదంతే, ఏమీ కాదు అన్నావు. చాలా ఎల్ఈడీలకి రివర్స్‌లో 5 వోల్టులే హద్దు, 9 దగ్గర ఆ భరోసా ఇవ్వకు. పొడుగు కాలు ప్లస్ అని రాశావు, బాగుంది, కాళ్లు కత్తిరించేశాక అంచు చదునుగా ఉన్న వైపు మైనస్ అని కూడా చేర్చు.

ఇంకోటి, "చాలా సింపుల్" అని నాలుగు చోట్ల రాశావు. చదివేవాడికి రాకపోతే ఆ మాట గుచ్చుకుంటుంది, తీసేయ్.

5, 9, 12 వోల్టులకి లెక్క విడివిడిగా వేసి చూపించి శనివారంలోపు పంపు, రాత్రికి చూసి పెడతాను. అదే ఎర్ర ఎల్ఈడీ, అదే 15 మిల్లీఆంపులు అనుకుంటే 12కి కొట్లో దొరికే 680 రావాలి, వేరేది వస్తే ఫోన్ చెయ్యి.