జ్ఞానస్నానం (బాప్తిస్మం) అందకుండా చనిపోయిన పసిబిడ్డలు దేవునికి దూరమా?

దూరమని కతోలిక సంఘం చెప్పదు. వాళ్లను దేవుని కరుణకు అప్పగించి, రక్షణ కోసం ఆశించమంటుంది. ఆదిపాపం (ఆదాము నుంచి మనుషులందరికీ పుట్టుకతో వచ్చే పాపం) పోవాలంటే జ్ఞానస్నానం తప్పనిసరి అన్న నమ్మకంతో 5వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు అగస్టీన్ ఈ పిల్లలకూ శిక్ష ఉంటుందన్నాడు, కాకపోతే అన్నిటికన్నా తేలికైనది. అది మరీ కఠినమనిపించి మధ్యయుగ పండితులు ‘లింబో’ అన్నారు: అక్కడ బాధ ఉండదు, దైవదర్శనమూ ఉండదు. కన్నవాళ్లకు అదేం ఊరట! అందరూ రక్షణ పొందాలన్నదే దేవుని చిత్తమైతే, ఏ తప్పూ చేయని పసికందుకు తలుపు మూయడం పొసగదన్న ఆలోచన క్రమంగా బలపడింది. ఉదాహరణకు, కన్నవాళ్లు జ్ఞానస్నానం ఇప్పించాలనుకున్నా అంతలోపే బిడ్డ పోతే, బిషప్ అనుమతితో చర్చి పద్ధతిలోనే అంత్యక్రియలు జరపవచ్చు.

2007లో వాటికన్ దైవశాస్త్ర మండలి ఈ ఆశకు గట్టి ఆధారాలున్నాయని చెప్పగానే ‘లింబో సిద్ధాంతాన్నే రద్దు చేశారు’ అని చాలామంది అనుకున్నారు. కానీ లింబో ఎన్నడూ అధికారిక విశ్వాస సత్యం కాదు. జ్ఞానస్నానం అక్కర్లేదని కూడా ఆ పత్రం అనలేదు.