వాయిదా అడగడమేనా నా పని?

పాఠకుల ప్రశ్నలు, న్యాయవాది జవాబులు

ప్రశ్న: నేను సుబేదారి లా కాలేజీలో ఎల్‌ఎల్‌బీ చదివి, రెండేళ్లుగా ఒక సీనియర్ న్యాయవాది దగ్గర జూనియర్‌గా పనిచేస్తున్నాను. నాతోపాటు చేరిన అబ్బాయికి ఎదుటిపక్షం సాక్షులను ప్రశ్నించే, అంటే క్రాస్ ఎగ్జామినేషన్ చేసే అవకాశం ఇస్తున్నారు. నాకు మాత్రం వాయిదాలు అడగడం, మెమోలు వేయడం, మనోవర్తి కేసులకు వచ్చే ఆడవాళ్లతో మాట్లాడడం తప్ప మరో పని లేదు. హత్యలాంటి తీవ్ర నేరాల కేసులు అడిగితే "సెషన్స్ కేసులు నీకెందుకమ్మా, రాత్రి దాకా ఆఫీసులో ఉండాల్సి వస్తుంది" అంటారు. ఆయన మంచి మనిషే. నాకేమో సివిల్ జడ్జి పరీక్ష రాయాలని ఉంది. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీ సీనియర్ మంచి మనిషే అన్న మాటను నేను నమ్ముతున్నాను, చిక్కంతా అక్కడే ఉంది. కసురుకునే మనిషి అయితే మీరు ఈపాటికి ఆఫీసు మారి ఉండేవారు. ఆపేక్షతో పని తగ్గించే మనిషికి ఎదురు చెప్పాలంటే మనసు రాదు.

మహిళ వకీలుగా నమోదు కావడానికి వీల్లేదని 1916లో రెజీనా గుహ విషయంలో కలకత్తా హైకోర్టు, 1921లో సుధాంశుబాల హాజ్రా విషయంలో పాట్నా హైకోర్టు తీర్పు చెప్పాయి. 1923లో వచ్చిన చట్టం ఆ అడ్డును తొలగించింది. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తన తొలి మహిళా న్యాయమూర్తి జస్టిస్ అమరేశ్వరిని చూడడానికి 1978 దాకా, తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా జస్టిస్ హిమా కోహ్లి రావడానికి 2021 దాకా ఆగవలసి వచ్చింది. సుప్రీంకోర్టులో 1989లో ఫాతిమా బీవీతో మొదలుపెట్టి 2025 వరకు లెక్కించినా మహిళా న్యాయమూర్తులు పదకొండు మందే. ఈ ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నాయి కానీ, నా దృష్టిలో పెద్ద కారణం ప్రతి ఉదయం ఆఫీసుల్లో ఫైళ్లు పంచే తీరే. హైకోర్టు న్యాయమూర్తి పదవికైనా, సీనియర్ అడ్వకేట్ హోదాకైనా పేర్లు పరిశీలించేటప్పుడు ఎవరు ఎలాంటి కేసులు నడిపారన్నదే చూస్తారు. మొదటి ఐదేళ్లు వాయిదాలతో గడిపిన జూనియర్‌కు ప్రాక్టీసు ఇరవయ్యో ఏట చూపించుకోవడానికి ఏమీ మిగలదు.

మనోవర్తి కేసులు ఇస్తున్నారని చిన్నబుచ్చుకోకండి, మొదలుపెట్టవలసింది అక్కడినుంచే. రజనేష్ వర్సెస్ నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఇరుపక్షాలూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలి. భర్త సింగరేణిలో పనిచేస్తున్నాడనుకుందాం. చేతికి వచ్చే జీతం తక్కువని చూపించడానికి పే స్లిప్పులోని కోతలన్నీ ఏకరువు పెడతాడు. ఆ కోతల్లో చట్టప్రకారం తప్పనిసరైనవి ఏవి, తన ఇష్టంతో కట్టుకుంటున్న అప్పు వాయిదాలు ఏవి, ఆ అప్పు కేసు పడిన తర్వాత తీసుకున్నదా, ఊళ్లో భూమి మీద వచ్చే కౌలు అఫిడవిట్‌లో ఎందుకు కనిపించలేదు అన్న ప్రశ్నలు కక్షిదారు గోడు విన్న మీకు తట్టినట్టు ఇంకెవరికీ తట్టవు. కాబట్టి "నాకూ క్రాస్ ఇవ్వండి సార్" అని పొడిగా అడగవద్దు. ఫలానా కేసులో ఫలానా సాక్షికి వేయదలచిన ప్రశ్నలను, ప్రతి ప్రశ్నకూ ఆధారమైన కాగితంతో సహా, వాయిదాకు వారం ముందే రాసి ఆయన ముందు పెట్టండి. కష్టపడి రాసిన ప్రశ్నలను తీసుకెళ్లి వేరే జూనియర్ చేతిలో పెట్టడం ఎంతటి సీనియర్‌కైనా ఇబ్బందే. అక్కడ చేయి తిరిగాక, సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితంపై రాసుకున్న భూమి అమ్మకం పత్రం) మీద సంతకం చేసిన సాక్షినీ, పహాణీ అనే గ్రామ భూమి రికార్డులో అనుభవదారు కాలమ్‌నూ పట్టుకుని నడిచే భూమి దావా ఒకటి అడగండి.

కక్షిదారు మనకు వాదించే అధికారం ఇచ్చే పత్రమైన వకాల్తాలో సీనియర్ పేరుతోపాటు మీ పేరు, సంతకం ఉండేలా చూసుకోండి. సాక్ష్యం నమోదైన వాంగ్మూలంలో క్రాస్ చేసిన న్యాయవాది పేరు రాస్తారు. ఆ కేసుల నంబర్లు, తేదీలు మీ సొంత డైరీలో ఎక్కించుకోండి. సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తిరిగి నిబంధన పెట్టింది. తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్, అంటే బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా తాత్కాలికంగా నమోదైన తేదీనుంచి లెక్కిస్తారు, పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ఇచ్చిన ధ్రువపత్రంపై జిల్లా ప్రధాన న్యాయాధికారి ఆమోదం కావాలి. వాయిదాలు అడుగుతూ గడిపినా ఆ కాగితం దొరకవచ్చు, కానీ రేపు బెంచి మీద కూర్చుని ఒక ప్రశ్నపై వచ్చిన అభ్యంతరాన్ని అప్పటికప్పుడు తేల్చాల్సింది మీరే.

ఇంత చేసినా ఆయన మెత్తబడకపోతే, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ముద్దాయిలకు ఉచిత న్యాయసహాయం అందించే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ విధానం కింద అసిస్టెంట్ పోస్టులకు మూడేళ్లలోపు అనుభవం ఉన్నవారిని కూడా తీసుకుంటారు. నెలవారీ పారితోషికం ఉంటుంది, ప్రైవేటు కేసులు చేయకూడదు. ముద్దాయి తరఫున క్రిమినల్ కేసుల పని నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఈ వయసులో దొరకదు. రాత్రి ఆఫీసు విషయానికి వస్తే, సెషన్స్ కేసు చర్చ ఉదయం ఏడింటికి పెట్టుకోకూడదన్న నియమం ఎక్కడా లేదని ఆయనకు నవ్వుతూనే చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ అయ్యాక ఐదేళ్ల లా చదువుతానంటోంది. సంపాదన ఆలస్యమవుతుందనీ, సంబంధాలు రావనీ చుట్టాలు భయపెడుతున్నారు.
– ఒక తండ్రి, భూపాలపల్లి

జవాబు: సంబంధాల సంగతి నా పరిధిలోది కాదు. సంపాదన ఆలస్యమన్నది నిజమే. జూనియర్లకు గ్రామీణ ప్రాంతాల్లో నెలకు 15,000, పట్టణాల్లో 20,000 రూపాయలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది కానీ, అది సూచన మాత్రమే. అంత వస్తుందని లెక్కవేసుకోకుండా, చదువు తర్వాత మూడేళ్లు ఇంటినుంచి ఆసరా ఇవ్వగలరేమో చూసుకోండి. ఎన్‌రోల్‌మెంట్‌కు వేలకు వేలు కట్టాలన్న మాట ఇప్పుడు చెల్లదు. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం సాధారణ అభ్యర్థులకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి వసూలు చేయకూడదు. ముందుగా లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాయించండి.

ప్రశ్న: మా బార్ అసోసియేషన్‌లో మహిళలకు ఏటా ఒక మహిళా ప్రతినిధి పోస్టు ఇస్తారు. ప్రధాన కార్యదర్శిగా పోటీ చేస్తానంటే "మీకో పోస్టు ఉంది కదా మేడం" అంటున్నారు. సుప్రీంకోర్టు ఏదో ఆదేశం ఇచ్చిందట, మాకు వర్తిస్తుందా?
– న్యాయవాది, మహబూబాబాద్ జిల్లా

జవాబు: 2024 మే 2న ఇచ్చిన ఆ ఆదేశం సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్‌కు సంబంధించినది. కార్యవర్గంలో కనీసం మూడో వంతు స్థానాలు మహిళలకు కేటాయించి, ఆ ఏడాది కోశాధికారి పదవిని వారికే ఉంచింది. అది మీ సంఘానికి నేరుగా వర్తించదు. మీ దగ్గర అలాంటి కేటాయింపు రావాలంటే బైలా (సంఘం నియమావళి) సవరణను సర్వసభ్య సమావేశంలో నెగ్గించుకోవాలి. అంతవరకు ఆగనక్కరలేదు, ఎందుకంటే మహిళా ప్రతినిధి పోస్టు ఉన్నంత మాత్రాన మిగతా పదవులు పురుషులకే అని అర్థం కాదు. బైలాలో అలా రాసి ఉంటే చూపించమని ఎన్నికల అధికారిని లిఖితపూర్వకంగా అడిగి, నామినేషన్ వేయండి. నాకైతే ప్రధాన కార్యదర్శి పదవికన్నా ముందు కోశాధికారి పదవికి పోటీ చేయడం మేలనిపిస్తుంది. సంఘం డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో తెలిసిన మనిషి మాటను సమావేశంలో తేలిగ్గా కొట్టిపారేయలేరు. మహిళా న్యాయవాదులకు విడిగా గది, శుభ్రమైన మరుగుదొడ్డి అడిగినప్పుడు నిధులు లేవన్న జవాబు కూడా ఆ లెక్కల పుస్తకం ముందు నిలవదు.